మామ్మ గీసిన వరసల్లో నాది నాలుగోది

ఇలా రండి, పీట కాస్త ముందుకి జరుపుకుని కూర్చోండి. దూరంగా కూర్చుంటే ఈ కథలో వాసన మీదాకా రాదు, వాసన తగలకపోతే ఇది చెప్పి దండగ. నేను చదివింది అయిదో తరగతండి. మాటలో తప్పులుంటే మన్నించండి గానీ, జ్ఞాపకంలో తప్పులుంటాయేమోనని మాత్రం అనుమానం పెట్టుకోకండి. ఒక్కసారి చెవిన పడ్డ మాట నాకు పోదు. పోతే బాగుండునని కోరుకున్న మాటలు కూడా పోలేదు.

మొన్నామధ్య మా శ్రావ్య వచ్చింది. మా అమ్మాయి కూతురు. రాజమండ్రిలో ఎంబీయే రెండో ఏడు చదువుతోంది. మిడ్ పరీక్షలకి చదువుకోమని సెలవులిస్తే, ఇంట్లో టీవీ గోల పడలేనని తణుకు దగ్గర కాలవగట్టునున్న మా ఊరికి బస్సెక్కి వచ్చేసింది. వసారాలో చాప పరుచుకుని, చుట్టూ పుస్తకాలు పెట్టుకుని పైకి చదువుతుంది. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటాను. దానికి పైకి చదివితేగానీ రాదు, నాకు వింటే వచ్చేస్తుంది. ఆపరేషన్స్ రీసెర్చ్ అని ఒక సబ్జెక్టు ఉందిట, దాన్ని ఓఆర్ అంటారుట, క్లాసులో సగం మందికి అదంటేనే జ్వరంట. మొదటి రెండు రోజులూ మిల్లుల లెక్కలు చదివింది. మూడు రైసు మిల్లులు, నాలుగు గోడౌన్లు, ఏ మిల్లు బియ్యం ఏ గోడౌనుకి పంపితే లారీలు తక్కువ తిరుగుతాయి అని. అది నాకు బాగానే ఉంది. బస్తాకి ఏ గోడౌనైతే ఏంటి? అడిగేదీ లేదు, ఏడ్చేదీ లేదు.

మూడో రోజు పేజీ తిప్పి, "అమ్మమ్మా, ఇది తేలికే. అసైన్‌మెంట్ ప్రాబ్లమ్" అంది. "నలుగురు మనుషులు, నాలుగు పనులు. ఎవరు ఏ పని ఎన్ని గంటల్లో చేస్తారో పట్టిక ఇస్తాడు. మనిషికో పని ఇవ్వాలి. అందరి గంటలూ కలిపితే అన్నిట్లోకీ తక్కువ రావాలి."

"ఇచ్చాక?"

"ఇచ్చాక ఏముంది? ఆన్సరొచ్చేసింది. పది మార్కులు."

చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. నా ముక్కుకి వేపనూనె వాసన కొట్టింది. వేపనూనె, దాని కింద బూడిద, బూడిద కింద ఉచ్చ. ఇన్నేళ్ళైనా ఆ మూడు వాసనలూ అదే వరసలో వస్తాయి నాకు. "ఈ లెక్క నాకు తెలుసే" అన్నాను. "మా మామ్మ చేసింది. నేలమీద, చింతగింజలతో."

"ఊరుకో అమ్మమ్మా, మాకే అర్థం కాక చస్తుంటే మీ మామ్మ చేసిందా?" అని నవ్వింది. నవ్వేసి, ఫోను పక్కన పెట్టి, "సరే చెప్పు" అంది. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మామ్మంటే మా నాన్న తల్లి. మనిషి పొట్టి, మాట పొడుగు. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు. పెదనాన్న, పెద్దమ్మ, మా నాన్న, అమ్మ, బాబాయి, పిన్ని, అందరం ఒక్క పొయ్యి మీదే బతికేవాళ్ళం. మామ్మ తెల్లారుజామునే లేచి, నోట్లో వక్కపలుకు వేసుకుని, తులసిపూసల మాల పట్టుకుని అరుగుమీద కూర్చునేది. మాల తిరుగుతూనే ఉండేది, కళ్ళు మాత్రం మామీదే ఉండేవి. "రామ రామ, ఆ గేదెకి కుడితి పెట్టారా, రామ రామ, పొయ్యి మీద ఎసరు మరుగుతోంది చూడండే" అని రాముడూ గేదే ఒక్క ఊపిరిలో వచ్చేవి. ఆడవాళ్ళ పనులు మూడు. వంట ఒకటి, పశువుల పాక ఒకటి, ధాన్యం ఉడకేసి ఆరబెట్టడం ఒకటి. మా వైపు ఉప్పుడు బియ్యం కదండీ, గాబులో నానిన ధాన్యం పులిసిన వాసన వేస్తూ ఉండేది, చీరలకి కూడా అదే వాసన. మూడు పనులూ ముగ్గురికీ వారానికొకటి చొప్పున వంతులు. ఈ వారం పేడ ఎత్తినావిడ వచ్చే వారం పోపు పెట్టేది. పోట్లాటలు లేవా అంటే ఉన్నాయి. కానీ ఎంతటి పాడు పనైనా శుక్రవారంతో వదిలిపోతుందన్న ధైర్యం ఉండేది.

ఇంతలో తాతకి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట కూడా పోయి "ఊ" ఒక్కటే మిగిలింది. పెరటివైపు గదిలో నులకమంచానికి మధ్యలో నులక కోసి, కింద బూడిద పోసిన మూకుడు పెట్టారు. ఆయన్ని కడగాలి, వీపు మీద పుళ్ళకి వేపనూనె రాయాలి, గోనెపట్టాలు ఉతకాలి, అన్నం మెత్తగా పిసికి తినిపించాలి. రోజుకి మూడు సార్లు. పనులు నాలుగయ్యాయి, కోడళ్ళు ముగ్గురే. వంతులు తప్పాయి. ధాన్యం మాడింది, దూడ తాడు తెంపుకుని పాలన్నీ తాగేసింది, పొలంలో వాళ్ళకి అన్నం పొద్దు వాలాక అందింది. పెదనాన్న కంచం విసిరేశాడు.

అప్పుడు మామ్మ వరసలు గీసింది. వసారాలో ఒక మూల ముగ్గుతో గళ్ళు గీసి, "ఒక వారం అందరూ అన్ని పనులూ చెయ్యండి, ఎవరికి ఏది వాలుగా ఉందో చూస్తాను" అంది. గడియారం లేదు మా ఇంట్లో. మాల ఒకసారి తిరిగితే ఒక చింతగింజ. వంట అయ్యేసరికి పెద్దమ్మ వరసలో మూడు గింజలు, అమ్మ వరసలో నాలుగు, పిన్ని వరసలో అయిదు. ఇలా ప్రతి గడిలోనూ గింజలు పడ్డాయి. రాముడి పేరుతో మా అందరి చేతుల్నీ కొలిచింది, ఆవిడకి అది పాపమని తోచలేదు. మూడు వరసలే గీసింది ముందు. రెండో రోజు నన్ను పిలిచి, "సత్యా, నువ్వూ చెయ్యవే" అని నాలుగో వరస గీసింది. నాకు పదకొండేళ్ళు. బడిలో అయిదు పాసయ్యాను, ఆరుకి కాలవ దాటి పక్క ఊరి హైస్కూలుకి వెళ్ళాలి, కొత్త పలక కూడా అక్కర్లేదు, నోటుపుస్తకాలేనట అని రోజూ అమ్మ చెవిలో ఊదేదాన్ని. నన్ను కూడా పెద్దవాళ్ళతో వరసలో పెట్టారని మురిసిపోయాను చూడండి, ఆ మురిపెం తల్చుకుంటే నామీద నాకే రోత.

తాత దగ్గర పెద్దమ్మకి ఏడు గింజలు పట్టాయి. అమ్మకి ఎనిమిది. పిన్ని ముక్కు మూసుకుని వెళ్ళి, గుమ్మంలోనే వాంతి చేసుకుని, తొమ్మిదో గింజకి లేచింది. ముగ్గురూ తినిపిస్తే తాత ఉమ్మేసేవాడు, పళ్ళు బిగబట్టేవాడు, ఎడంచెయ్యి విసిరేవాడు. నేను వెళ్ళాను. నాకు భయమేసింది, భయమేస్తే పాఠాలు చెప్పుకోవడం నాకలవాటు. నదుల పాఠం మొదలుపెట్టాను. ఏ నది ఎక్కడ పుట్టింది, ఏ ఊళ్ళ మీదుగా పారింది. తాత నోరు తెరిచాడు. తాత బడి మొహం చూసినవాడు కాదు, పాఠం వినడం ఆయనకదే మొదలు. నది దాటినప్పుడల్లా ఒక ముద్ద. సముద్రంలో కలిసేసరికి గిన్నె ఖాళీ. ఒళ్ళు తుడుస్తుంటే ఎక్కాలు చెప్పాను, పంతొమ్మిదో ఎక్కం దాకా కదల్లేదు. రెండే గింజలు! పరుగెత్తుకొచ్చి, "మామ్మా, రెండే కదూ, రెండే కదూ!" అని గంతులేశాను.

వారం ఆఖరున మామ్మ గళ్ళ ముందు గొంతుక్కూర్చుని, గింజలు ఇటు జరిపి అటు జరిపి చూసింది. వంట పెద్దమ్మకి, మూడు. ధాన్యం అమ్మకి, మూడు. పశువులు పిన్నికి, మూడు. తాత నాకు, రెండు. "నాలుగు పనులూ పదకొండు గింజల్లో తెమిలిపోయాయి!" అంది. ఆవిడ మొహంలో అంత వెలుగు తాత లేచి తిరిగే రోజుల్లో కూడా నేను చూడలేదు. "ఇంక వంతుల్లేవు. ఎవరికి వాలైంది వాళ్ళదే, ఎప్పటికీ."

అమ్మ ధాన్యం చేట పట్టుకుని నిలబడింది. "మరి దాని బడి, అత్తయ్యగారూ?"

"బడి ఏ గడిలో ఉందే? చూపించు" అంది మామ్మ.

నిజమే, బడి ఏ గడిలోనూ లేదు. మా నాన్న అక్కడే తువ్వాలు దులుపుకుంటున్నాడు, పెదనాన్న చుట్ట చుడుతున్నాడు, బాబాయి అద్దంలో క్రాపు దువ్వుకుంటున్నాడు. ముగ్గురిలో ఒక్కరికీ వరస గియ్యలేదన్న సంగతి ఆ వసారాలో ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

అయితే నాకింకో ఆశ ఉండేది. మా బళ్ళో లెక్కలు చెప్పే పంతులుగారు. నేను హైస్కూల్లో చేరలేదని తెలిసి, ఒక రోజు గొడుగు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. నేను తాత గోనెపట్టా నూతి దగ్గర పడేసి, చేతులు కూడా కడుక్కోకుండా వచ్చి గుమ్మం వెనకాల నిలబడ్డాను. నా చేతుల వాసన నాకే తగులుతోంది. "అమ్మా, ఈ పిల్లకి ఒకసారి చెబితే చాలండి, రెండోసారి అక్కర్లేదు. ఇలాంటిది ఊరికి ఒకర్తే ఉంటుంది. పంపించండి" అన్నారాయన. మామ్మ గౌరవంగా లేచి, "మీరు లెక్కలు తెలిసినవారు, మీరే చూడండి పంతులుగారూ" అని గళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. గింజలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగారు. వేలితో గాలిలో కూడుకున్నారు. ఒక గింజ జరపబోయి మానేశారు. మొహంలో ఏదో ఆసక్తి, ఏదో మెచ్చుకోలు. చిత్రమైన పిట్టని చూసినట్టు చూశారండి మా మామ్మ లెక్కని.

"తప్పు లేదండి" అన్నారు చివరికి. "ఇంతకంటే తగ్గదు."

మజ్జిగ తాగారు. గొడుగు తీసుకున్నారు. వెళ్తూ వెళ్తూ నా తలమీద చెయ్యి వేసి, "మంచి మనవరాలివమ్మా" అన్నారు. తాత పుళ్ళు కడిగినప్పుడు నాకెన్నడూ వాంతి రాలేదు. ఆ పూట వచ్చింది. నూతి పళ్ళెం దగ్గర కూర్చుని కక్కాను. మామ్మకి చదువు లేదు, పోనీ అనుకోవచ్చు. ఆయనకి ఉంది, ఆ చదువుతో ఆయన చేసింది కూడిక సరిచూడ్డం.

తాత నాలుగేళ్ళు బతికాడు. నా దగ్గరున్న పాఠాలు ఆరు నెలల్లో అయిపోయాయి. కొత్తవి తెచ్చుకునే చోటు నాకు లేదు. పాతవే చెబితే పళ్ళు బిగబట్టేవాడు. దాంతో లేని నదుల్ని పుట్టించాను, లేని ఊళ్ళ మీదుగా పారించాను, ఆ ఊళ్ళలో మనుషుల్ని పెట్టాను, వాళ్ళకి తగువులు పెట్టాను. ఊళ్ళో వాళ్ళు ఇప్పటికీ, "సత్తెమ్మగారికి కథలెలా వచ్చాయంటే వాళ్ళ తాత చలవండీ" అంటుంటారు. వాళ్ళు మంచికే అంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతుంది. తాతమీద కోపం లేదు. ఆయన ఒళ్ళు ఆయన మాట వినలేదు, ఆయనేం చేస్తాడు? చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని "ఊ, ఊ" అని ఏదో చెప్పబోయేవాడు. అది క్షమాపణో, మంచినీళ్ళో నాకు తెలియలేదు. మంచినీళ్ళే ఇచ్చాను.

ఇంకో మాట కూడా ఉంది. అమ్మ మంచం పట్టినప్పుడు నేనే చేశాను, వేరే చెప్పాలా, నాకు వాలుగా ఉన్న పని కదా. అప్పటికి మెడికల్ షాపులో డైపర్లు దొరుకుతున్నాయి, పుళ్ళకి మంచి పౌడర్లు వచ్చాయి, వేపనూనె లేదు. వాసన కూడా వేరు, ఆసుపత్రి వాసన. ఒక మధ్యాహ్నం నడుం తుడుస్తుంటే అమ్మ గోడవైపు తిరిగి, "సత్యా, ఆ ఎనిమిది గింజలూ నిజం కావే" అంది.

"ఏ ఎనిమిది?" అన్నాను, తెలిసే.

"నేను కావాలని ఆలస్యం చేశాను. మీ పెద్దమ్మా అంతే, మీ పిన్నీ అంతే. వేలు గొంతులో పెట్టుకుని కక్కింది అది. ముగ్గురం మాట్లాడుకోలేదు, ఎవరికి వాళ్ళమే. నీకు వరస గీస్తుందనుకోలేదే. గీశాక నెమ్మదిగా చెయ్యమని నీకు చెబుదామనుకున్నాను. చెబితే నా సంగతి బయటపడుతుందని ఊరుకున్నాను."

గుడ్డ పిండి, మళ్ళీ తడిపి, తుడవడం ముగించాను. నలుగురిలో నిజంగా చేసింది నేనొక్కదాన్నే, అందుకే ఆ పని నాకొచ్చింది. అమ్మని అసహ్యించుకోలేక, ఊరుకోనూ లేక, ఆ రోజు అన్నం మానేశాను.

శ్రావ్యకి ఇదంతా చెబితే, దాని కళ్ళు చెమర్చాయి. మంచిదే అది. కానీ మామ్మ గళ్ళు ఎలా గీసిందో, ఎవరి వరసలో ఎన్ని గింజలో మళ్ళీ అడిగి రాసుకుంది. నాకెందుకో అప్పుడే మనసు కీడు శంకించింది. వారం తర్వాత ఫోను. "అమ్మమ్మా! మీ మామ్మ లెక్క నేను సెమినార్‌లో చెప్పాను. పుస్తకంలో పద్ధతితో చేసి చూస్తే సరిగ్గా పదకొండే వచ్చింది! మా మేడమైతే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చదువులేని పల్లెటూరి ఆవిడ ఇంత గొప్పగా మేనేజ్ చేసిందా అన్నారు. నాకు ఫుల్ మార్క్స్!"

"నేనేమయ్యానో అడిగారా మీ మేడంగారు?"

"పట్టికలో నీ పేరు నాలుగో వర్కర్ అని రాశానమ్మమ్మా" అంది మెల్లిగా.

ఫోను పెట్టేశాను. గొడుగు పంతులుగారు మళ్ళీ వచ్చి వంగి చూసినట్టే ఉంది. ఇంత ఏసీ క్లాసులో, ఇంతమంది చదువుకున్న పిల్లలు, ఒక్కరికీ ముక్కుకి వాసన తగల్లేదా? రెండు రోజులు దాని ఫోను ఎత్తలేదు.

మూడో రోజు మనిషే వచ్చింది. భుజాన సంచీ, చేతిలో ఆ పుస్తకం. నేను మాట్లాడకుండా బియ్యం ఏరుకుంటున్నాను.

"తిట్టమ్మమ్మా, తిట్టేసెయ్."

"నిన్నెందుకు తిడతానే? ఆ చదువే పాడు చదువు. మనిషిని గడిలో పెట్టి, ఎంతలో తెముల్తుందో చూసుకునే చదువు. మా మామ్మకి ముగ్గు, మీకు కంప్యూటరు. అంతే తేడా."

"కాదు, విను. రాత్రంతా ఇదే చూశాను. నీకు చెప్పని ముక్క ఒకటుంది." పుస్తకం తెరిచి నా చేటలో, బియ్యం మీదే పెట్టింది. "ఫలానా మనిషికి ఫలానా పని ఇవ్వకూడదు అనుకుంటే, ఆ గడిలో మామూలు అంకె వెయ్యం. ఎమ్ అని వేస్తాం. ఎమ్ అంటే చెప్పలేనంత పెద్ద అంకె. చింతగింజలైతే గోదారంత. అది వేశాక లెక్క దానంతటదే ఆ గడి జోలికి పోదు, చుట్టూ తిరిగి వేరే దారి వెతుక్కుంటుంది."

నేను చెయ్యి ఆపాను. "అంటే, ఈ పిల్లకి ఇది వద్దు అని చెప్పుకోడానికి మీ లెక్కలో చోటుందా?"

"ఉంది. మొదటినుంచీ ఉంది. కాకపోతే గీసేవాళ్ళు వెయ్యాలి."

"నా వరసంతా ఆ ఎమ్ములే వేస్తే? బడికి వెళ్ళే పిల్ల అని?"

"అప్పుడు లెక్క కుదరదమ్మమ్మా. మనుషులు చాలలేదు, ఇంకో మనిషిని తీసుకురండి, ఇంకో వరస గియ్యండి అంటుంది."

మామ్మకి తెలియకపోవచ్చు. పంతులుగారికి మాత్రం ఆ గింజలు నా గడిలో ఉండకూడదని తెలుసు. ఆయన వేలు ఒక గింజ మీదకి వెళ్ళి వెనక్కి వచ్చింది, నేను గుమ్మం వెనకనుంచి చూశాను. ఇన్నేళ్ళూ లెక్కని అసహ్యించుకున్నాను. లెక్క పాపం ఎంత అడిగితే అంతే చెప్పింది. అడగాల్సినవాళ్ళు మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. ఇది తెలిశాక మనసు తేలికపడిందంటారా? లేదండి. ఇంకా రోత పెరిగింది, కాకపోతే ఇప్పుడది ఎవరిమీదికి పోవాలో వాళ్ళమీదికే పోతోంది.

శ్రావ్య పెన్ను తీసి, నోటుపుస్తకంలో కొత్త పట్టిక గీసింది. నా వరస నిండా ఎమ్‌లు వేసింది. కింద అయిదో వరస గీసి, "బాబాయి" అని రాసింది. "దీన్ని మళ్ళీ క్లాసులో చెబుతాను. మార్కులు తగ్గిస్తే తగ్గించుకోమను" అంది. పెన్ను ఆ ఖాళీ గళ్ళ మీద పెట్టి నావైపు చూసింది. "తాతగారి పని మీ బాబాయికి ఎన్ని గింజలు పట్టేది, అమ్మమ్మా?"

"తెలీదే" అన్నాను. "ఎవరూ చూడలేదు."

మీరింతసేపు నా దగ్గర కూర్చుని ఈ వాసన భరించారు. మీ ఇంట పొయ్యి ఆరకూడదు. మీ పెద్దలకి ఏ నొప్పీ లేకుండా నిద్ర పట్టాలి. ఒకవేళ ఎవరైనా మంచం పడితే, ఆ మంచం చుట్టూ మీ ఇంటి మగవాళ్ళ చేతులు కూడా కనిపించాలి. మీ పిల్లలు తలుపు తీసుకుని బడికి వెళ్తుంటే, వెనక్కి పిలిచే గొంతు ఆ ఇంట్లో లేకుండుగాక.